యమున దాటితే కిలోల లెక్క

ఢిల్లీ చూడబోయేవాళ్ళు లోటస్ టెంపుల్ చూస్తారు, కల్కాజీ అమ్మవారికి దండం పెట్టుకుంటారు, అటునుంచి అటే వెళ్ళిపోతారు. ఆ రెండింటికీ దగ్గర్లోనే ఉన్న నెహ్రూ ప్లేస్‌కి మాత్రం పనుంటే తప్ప ఎవరూ రారు. మెట్రో వయొలెట్ లైన్‌లో అదే పేరుతో స్టేషన్ ఉంది. దిగి నడిస్తే వన్నె తగ్గిన కాంక్రీటు భవనాలు, వాటి మధ్య పెద్ద ఆవరణ. ఒక పక్క గుడ్డల దుకాణాలున్నా ఇక్కడి అసలు సరుకు కంప్యూటర్లే. కింది అంతస్తుల్లో, బేస్‌మెంట్లలో, మెట్ల కింద, వరండా స్తంభాలకు ఆనించిన బల్లల మీద ఎక్కడ చూసినా అవే. నాలుగడుగులు వేయకముందే కుర్రాళ్ళు చుట్టుముడతారు. "ల్యాప్‌టాప్ కావాలా సార్? బ్యాటరీయా? ప్రింటరా? రిపేరా?"

తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కి నేను పనిగట్టుకుని వచ్చింది దీనికోసమే. మాకు సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉంది, అందరం సీటీసీ అంటాం. విడిభాగాలకి కోఠిలో గుజరాతీ గల్లీ ఉంది. బెంగళూరుకి ఎస్పీ రోడ్డు, చెన్నైకి రిచీ స్ట్రీట్, ముంబైకి లామింగ్టన్ రోడ్డు ఎలాగో మాకివి అలాగ. పాత కంప్యూటర్లు పోగుచేసి, బాగుచేసి, అవసరమున్నవాళ్ళకి ఇచ్చే అలవాటు నాకు చాలా ఏళ్ళుగా ఉంది. మా ఊళ్ళో దొరకనిది తక్కువే. కానీ మా దగ్గర ఎవరూ కొనని బోర్డు ఏమవుతుందని అడిగితే దుకాణదారులంతా ఒకటే చెబుతారు: "ఢిల్లీ పోతుంది సార్." ఆ దారి చివరిదాకా వెళ్ళి చూడాలన్నది చాలాకాలంగా ఉన్న కోరిక. ఢిల్లీలో మా బావమరిది ఉన్నాడు, హిందీ వాడికి కొట్టినపిండి. నాది హైదరాబాదీ హిందీ. పని జరుగుతుంది గానీ బేరం దగ్గర వాడుంటే ధైర్యం.

మొదటి పని చిక్కడపల్లిలో ప్రింటింగ్ ప్రెస్ నడిపే మిత్రుడిది. శుభలేఖలు, కరపత్రాలు, సావనీర్లు అన్నీ ఆయన ఒక పెంటియం 4 కంప్యూటర్ మీద చేస్తారు. విండోస్ ఎక్స్‌పీ, పేజ్‌మేకర్ 7, అను ఫాంట్లు. కొత్తది కొనుక్కోరాదా అని సలహా ఇచ్చేవాళ్ళకి ఆయన కష్టం తెలియదు. ఆ ఫాంట్లు యూనికోడ్‌వి కావు. ఇంగ్లిషు అక్షరాల సంకేతాల మీద తెలుగు అచ్చుముక్కలను కూర్చినవి. ఏళ్ళతరబడి కూర్చిన ఫైళ్ళు, కవుల సంపుటాలతో సహా, ఆ యంత్రం మీదే సరిగ్గా తెరుచుకుంటాయి. ఇప్పుడు దాని మదర్‌బోర్డు మీద కెపాసిటర్లు ఉబ్బిపోయాయి. ఇది ఆయన ఒక్కరి దురదృష్టం కాదు. 1990ల చివరి నుంచి 2000ల మధ్యదాకా తయారైన బోర్డుల్లో లోపమున్న ఎలక్ట్రోలైట్‌తో వచ్చిన కెపాసిటర్లు లక్షల్లో ఉన్నాయి. లోపల గ్యాస్ పుట్టి పైమూత ఉబ్బుతుంది, తర్వాత గోధుమరంగు రసం కారుతుంది. అవి మార్చి సాల్డర్ చేయవచ్చు, చేయించాం కూడా. కానీ ఆ బోర్డుకి వయసు పైబడింది. ఇంటెల్ 865 చిప్‌సెట్‌దే ఇంకొకటి చేతిలో ఉంటే ఎక్స్‌పీ పేచీ పెట్టకుండా లేస్తుంది.

ఒక బేస్‌మెంట్‌లో దొరికింది. ఆ దుకాణం వెడల్పు రెండు బారలుండదు. గోడ పొడవునా అరల్లో బోర్డులు పుస్తకాల్లాగే నిలబెట్టి ఉన్నాయి, ఒక్కోదాని అంచున స్కెచ్ పెన్నుతో చిప్‌సెట్ నంబరు. పెద్దాయన చేత్తో అంచులు తడుముతూ నడిచి, ఆగి, ఒకటి లాగారు. బల్లమీద పెట్టి, పవర్ సప్లై తగిలించి, ప్రాసెసర్, ఒక ర్యామ్ ముక్క పెట్టి, స్క్రూడ్రైవర్ మొనతో రెండు పిన్నులు కలిపారు. స్విచ్ అవసరం లేదు, ఆ రెండు పిన్నులు ఒక్క క్షణం ఆనితే చాలు. ఫ్యాన్ తిరిగింది. స్పీకర్ నుంచి చిన్నగా ఒక బీప్. ఒక్క పొట్టి బీప్ అంటే అన్నీ కుదురుగా ఉన్నాయని అర్థం. పొడుగ్గా, వరసగా అరిస్తే ర్యామ్‌దో డిస్‌ప్లేదో గొడవ. పెద్దాయన నా వంక చూశారు. నేను కెపాసిటర్ల మూతలు ఒక్కొక్కటే వేలితో తడిమి చూస్తున్నాను. "అవన్నీ మార్చినవే సాబ్, నేనే మార్చాను" అన్నారు. వెనక్కి తిప్పితే సాల్డర్ చుక్కలు ఒకేతీరున మెరుస్తున్నాయి. బేరమాడలేదు.

రెండో పని నాది. థింక్‌ప్యాడ్ టీ420. 2011లో వచ్చిన ల్యాప్‌టాప్. ఐబీఎం 1992లో మొదలుపెట్టిన పేరు, 2005లో లెనోవో చేతికి పోయింది. ఈ వరసలో ఏడు వరుసల పాత కీబోర్డు పెట్టిన ఆఖరి తరం ఇది. మరుసటి ఏడు వచ్చిన టీ430 నుంచి కీలు మారిపోయాయి. రోజంతా టైపు చేసేవాళ్ళకి ఆ కీబోర్డు విలువ తెలుసు. తెర పైఅంచున చిన్న దీపముంటుంది, చీకట్లో కీల మీద వెలుగు పడుతుంది. బ్యాటరీ బయటినుంచి గొళ్ళెం తీస్తే ఊడి వస్తుంది. వెనక మూత విప్పితే ర్యామ్, పక్కన ఒక్క స్క్రూ విప్పితే హార్డ్ డిస్క్. ఇవాళ్టి పలచటి ల్యాప్‌టాప్‌లలో ర్యామ్‌ని బోర్డుకే అతికించేసి, బ్యాటరీని జిగురుతో అంటించేస్తున్నారు. కొన్న రోజు ఎంతుందో చచ్చేదాకా అంతే. ఈ పద్ధతి నాకు ఎంతమాత్రం నచ్చదు. బాగుచేసుకునే హక్కు కొన్నవాడి చేతిలోంచి జారిపోవడం చిన్న విషయం కాదు.

ఇలాంటి ల్యాప్‌టాప్‌లు ఇక్కడికి కంపెనీల నుంచి వస్తాయి. మూడు నాలుగేళ్ళు వాడి మూటగట్టి వదిలించుకుంటారు. మూత మీద ఆ కంపెనీ అంటించిన ఆస్తి నంబరు చీటీ గీకినా మరక ఉంటుంది. కొనేవాళ్ళు చూసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. ఆన్ చేయగానే ఎఫ్1 నొక్కి బయోస్‌లోకి వెళ్ళనిస్తుందో లేదో చూడాలి. సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ అడిగితే వదిలేయాలి. లోపలి గుండ్రటి సెల్, అదే సీఆర్2032, తీసి పెడితే పోయే పాస్‌వర్డ్ కాదది, వేరే చిప్‌లో కూర్చుంటుంది. ఆ తర్వాత హార్డ్ డిస్క్ ఎన్ని గంటలు తిరిగిందో, ఎన్ని సెక్టార్లు పాడైతే పక్కకి నెట్టిందో చెప్పే స్మార్ట్ రిపోర్టు చూడాలి. డిస్క్ ఎలాగూ మార్చేదే కావచ్చు, కానీ ఆ అంకెను బట్టి మొత్తం యంత్రం ఎంత నలిగిందో తెలిసిపోతుంది. ర్యామ్‌కి మెమ్‌టెస్ట్ పెట్టి ఒక గంట ఓపిక పట్టాలి. నేను పట్టాను. దుకాణం కుర్రాడు విసుక్కోలేదు, టీ తెప్పించాడు.

ర్యామ్ ధర చూస్తే కళ్ళు తిరిగాయి. ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్పులన్నీ ఎగరేసుకుపోవడంతో 2025 చివరి నుంచి కొత్త ర్యామ్ ధరలు మండిపోతున్నాయి. ఆ సెగ పాతవాటికీ తగిలింది. నాకు కావలసింది డీడీఆర్3, ల్యాప్‌టాప్‌ది, 204 పిన్నులది. డీడీఆర్4 అయితే 260 పిన్నులు, గాటు వేరేచోట ఉంటుంది, ఇందులో కూర్చోదు. నాలుగు జీబీవి రెండు దొరికాయి. దానికి తోడు కొత్త ఎస్‌ఎస్‌డి ఒకటి. అక్కడే బల్లమీద బిగించుకున్నాను. 2011 నాటి ఆ యంత్రం లినక్స్ మింట్‌తో లేచిన వేగం చూసి మా బావమరిది, "బావా, ఇది మా ఆఫీసులో కొత్తదానికంటే నయం" అన్నాడు. వాడన్నది అతిశయోక్తే. కానీ తెలుగు టైపు చేసుకోవడానికి, పీడీఎఫ్‌లు చదవడానికి, పిల్లల పాఠాలకి అది ఇంకా చాలా ఏళ్ళు పనికొస్తుంది. తిరిగే పళ్ళెం మీద సమాచారం వెతుక్కునే డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డి పెట్టడమంత లాభసాటి అప్‌గ్రేడ్ ఇంకోటి లేదని నా గట్టి నమ్మకం. ప్రాసెసర్ నెమ్మదించిందని అందరూ అనుకుంటారు. పాపం అది డిస్క్ కోసం ఎదురుచూస్తూ కూర్చుంటుంది, అంతే.

పాత యంత్రాలకి ఇంకో దెబ్బ కూడా తగిలింది. 2025 అక్టోబర్ 14న విండోస్ 10కి మద్దతు ముగిసింది. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 చిప్, ఇంటెల్ అయితే ఇంచుమించు ఎనిమిదో తరం ప్రాసెసర్ ఉండాలని మైక్రోసాఫ్ట్ షరతు. ఆ గీతకి అవతల పడ్డ యంత్రాల్లో చెడిపోయినవి ఎన్ని? చాలామటుకు నిక్షేపంగా ఉన్నవే. నెహ్రూ ప్లేస్ అరల్లో ఏడో తరం, ఆరో తరం ల్యాప్‌టాప్‌లు గుట్టలుగా పేర్చి ఉండడం కళ్ళారా చూశాను.

బయటికి వచ్చేటప్పుడు వరండాలో ఒక చిప్ లెవెల్ మెకానిక్ దగ్గర నిలబడిపోయాను. ముందు ఒక విద్యార్థి, కళ్ళలో ఆందోళన. అతని ల్యాప్‌టాప్‌కి బోర్డే మార్చాలని సర్వీస్ సెంటర్ వాళ్ళు చెప్పారట, కొత్తదాని ధరలో సగం అడిగారట. మెకానిక్‌కి పాతికేళ్ళుంటాయేమో. మల్టీమీటర్ పెట్టి మెయిన్ లైన్ షార్ట్ అయిందని తేల్చాడు. షార్ట్ ఉందని తెలియడం వేరు, ఎక్కడుందో తెలియడం వేరు. ఆ లైన్ మీద ఆవగింజంత కెపాసిటర్లు డజన్లకొద్దీ ఉంటాయి. అతను డీసీ సప్లై తీసుకుని ఒక్క వోల్ట్‌కి తిప్పి, రెండు తీగలు లైన్‌కి ఆనించాడు. బోర్డు మీద ఐపీఏ, అంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్, చల్లాడు. అంతా తడిగా మెరిసింది. అందరం వంగి చూస్తున్నాం. ఒక్కచోట, ప్రాసెసర్‌కి కాస్త పైన, గింజంత మేర తడి ముందే ఆరిపోయింది. కరెంటంతా షార్ట్ అయిన కెపాసిటర్ గుండానే పోతుంది గనక అదొక్కటే వేడెక్కుతుంది, ఆ వేడికి దానిమీది తడి ఆవిరైపోతుంది. హాట్ ఎయిర్ గన్ పెట్టి దాన్ని ఊడదీశాడు. మళ్ళీ మీటర్ పెట్టాడు. షార్ట్ లేదు. పాత డెడ్ బోర్డు మీంచి అలాంటిదే ఒకటి తీసి అక్కడ అతికించాడు. స్విచ్ నొక్కితే తెర మీద కంపెనీ గుర్తు వచ్చింది. పిల్లవాడి మొహం చూడాలి! మెకానిక్ తీసుకున్నది కొత్త బోర్డు ఖరీదుకి ఏ మూలకూ రాదు. ఆ కెపాసిటర్ ఇచ్చిన డెడ్ బోర్డుని జాగ్రత్తగా అట్టపెట్టెలో పెట్టుకున్నాడు. అతనికి అది తుక్కు కాదు, స్టాకు.

ఏపీ భవన్ క్యాంటీన్‌లో భోంచేసి మళ్ళీ మెట్రో ఎక్కాం. వయొలెట్ లైన్‌లో కశ్మీరీ గేట్, అక్కడ మారి రెడ్ లైన్. 2002 డిసెంబరులో ఢిల్లీ మెట్రో మొట్టమొదట నడిచింది ఈ దారినే. కశ్మీరీ గేట్ దాటగానే రైలు యమున మీదికి వస్తుంది. తర్వాత శాస్త్రి పార్క్. ఆ తర్వాతిదే సీలంపూర్.

మూడో పని సంగతి రైల్లో బావమరిదికి చెప్పాను. నేను వెతుకుతున్నది జిస్ట్ కార్డు. పేరు విన్నవాళ్ళు ఇప్పుడు తక్కువ. డాస్ కాలంలో కంప్యూటర్‌కి తెలుగు రాదు. తెర మీద చూపించగలిగేది ఇంగ్లిషు అక్షరాలు, అంకెలు, కొన్ని గీతలు. ఐఐటీ కాన్పూర్‌లో మొదలై పుణేలోని సీ-డ్యాక్‌లో పెరిగిన పరిశోధన ఈ చిక్కుని ఒక కార్డుతో విడదీసింది. మదర్‌బోర్డు మీద ఐఎస్ఏ స్లాట్‌లో ఆ కార్డు దూర్చేవారు. సంకేతాల పట్టికలో పై సగాన్ని భారతీయ లిపులకి కేటాయించి, హల్లు తర్వాత హల్లు వస్తే వత్తుగా మార్చడం, గుణింతాలు అమర్చడం అన్నీ కార్డే చూసుకునేది. తెలుగు ఊసే ఎరగని డాస్ ప్రోగ్రాం తన పని తాను చేసుకుపోతుంటే తెర మీద తెలుగు కనిపించేది. ఆ సంకేతాల పద్ధతి పేరు ఇస్కీ. 1991లో దానికి భారత ప్రమాణంగా 13194 అనే నంబరు వచ్చింది. అదే ఏడాది యూనికోడ్ మొదటి ముద్రణలో తెలుగుకు చోటు దొరికినప్పుడు, అక్షరాల వరుసను 1988 నాటి ఇస్కీ నుంచే తీసుకున్నారు. మనం ఇవాళ ఫోన్లో పంపే ప్రతి తెలుగు సందేశం వెనకా ఆ వరుస ఉంది. అంతటి కార్డు ఒక్కటి కూడా నా చేతికి ఇంతవరకూ చిక్కలేదు. సీటీసీలో కుర్రాళ్ళని అడిగితే గ్రాఫిక్స్ కార్డు చూపిస్తారు.

"మరి సీలంపూర్‌లో ఎందుకుంటుంది బావా?" అన్నాడు వాడు.

"ఢిల్లీ నిండా ఆఫీసులు. ఎక్కువ కార్డులు వచ్చింది ఈ ఊరికే అయ్యుంటుంది. పోతే ఇక్కడికే పోవాలి."

స్టేషన్ మెట్లు దిగి రోడ్డు దాటి గల్లీల్లోకి వెళ్ళాం. దేశంలో పాత ఎలక్ట్రానిక్ సామాను విడదీసే పెద్ద బజార్లలో ఇదొకటి. నెహ్రూ ప్లేస్‌లో వస్తువుకి పేరుంటుంది, మోడలుంటుంది, తరముంటుంది. ఇక్కడ బరువుంటుంది. ప్రతి గుమ్మం ముందూ కాటా. ఒక దుకాణంలో అన్నీ కీబోర్డులే, నడుమెత్తు గుట్ట. ఇంకోదాంట్లో పవర్ సప్లైల రాగి చుట్లు. ఇంకోదాంట్లో ల్యాప్‌టాప్ తెరలు అద్దాల మాదిరి వరసగా. ఇరుకు దారిలో బస్తాల రిక్షా వస్తే మనం గోడకి అతుక్కోవాలి. పాత ఇనప సామాన్లు కొంటామని మన వీధుల్లో కేకేసుకుంటూ వెళ్ళే మనిషి తోపుడుబండి మీది సరుకు ఎన్ని చేతులు మారినా చివరికి ఇలాంటి చోటికే చేరుతుంది.

ఒక వాకిట్లో ఆడవాళ్ళు గోనెపట్టా మీద కూర్చుని బోర్డులు ఏరుతున్నారు. సెట్‌టాప్ బాక్సువి ఒక పక్క, ఫోన్లవి ఒక పక్క, కంప్యూటర్లవి ఇంకో పక్క. బియ్యంలో రాళ్ళేరినంత అలవోకగా ఏరేస్తున్నారు. ఏ రంగు బోర్డులో ఏ లోహం ఎక్కువో, ఏ చిప్పు మళ్ళీ అమ్ముడుపోతుందో, ఏది కరగబోయాలో వాళ్ళ వేళ్ళకి తెలుసు. పనికొచ్చే ప్రాసెసర్, ర్యామ్, ఐసీ ముందుగా పక్కకి తీస్తారు. అవి మళ్ళీ నెహ్రూ ప్లేస్ చేరతాయి. పొద్దున నేను కొన్న ర్యామ్ ముక్కలు ఇక్కడివే అయ్యుండొచ్చు. ఈ చేతుల పనిని చదువులేని పని అనుకునేవాళ్ళు ఒక్కపూట ఇక్కడ నిలబడి చూడాలి. వాళ్ళ చేతులకి గ్లవ్స్ లేవు. మూతికి గుడ్డ లేదు. ఆ బోర్డుల మీది పాత సాల్డర్‌లో సీసముంది. ఐరోపా 2006 జులై నుంచి సీసాన్ని కట్టడి చేసిందిగానీ, ఇక్కడికొచ్చే సామాన్లలో అంతకుముందువీ ఉన్నాయి. పాత డబ్బా మానిటర్ల గాజులోనూ సీసమే.

నేను పాత లాంగ్ కార్డులు, అంటే ఐఎస్ఏ స్లాట్‌లో దూరే పొడుగాటివి, కావాలని అడుగుతూ నాలుగైదు దుకాణాలు తిరిగాను. అందరూ ఒకేమాట, "కట్ అయిపోయాయి." చివరికి ఒకాయన లోపలికి రమ్మని ఒక సంచీ మూతి విప్పారు. లోపల సన్నటి పచ్చ పట్టీలు, అంగుళంలో పావు వంతు వెడల్పు. ప్రతి పట్టీకీ ఒక పక్క బంగారు పళ్ళ వరుస. కార్డులో స్లాట్‌లోకి దిగే అంచుని షీర్ కట్టర్‌తో కత్తిరించిన ముక్కలవి. పక్క సంచీలో ఆ కార్డుల మొండేలు. బంగారం ధర పెరిగినకొద్దీ ఈ కోత పెరిగిందని ఆయన చెప్పారు. కొత్త కార్డుల మీద పూత చాలా పలచన. 1980లు, 90ల కార్డులకైతే దిట్టంగా ఉండేది. ప్రాసెసర్లలోనూ అంతే. సిరామిక్ ఒంటి 486లు, పెంటియం ప్రోలు ఇక్కడ అన్నిటికన్నా ఎక్కువ ధర పలుకుతాయి.

అప్పుడు నాకు విషయం బోధపడింది. ఎంత పాతదైతే అంత బంగారం. ఎంత బంగారముంటే అంత ముందుగా కట్టర్ కింద పడుతుంది. పదేళ్ళ నాటి బోర్డు గోదాములో మూలపడి బతికిపోవచ్చు. మన భాషకి కంప్యూటర్‌లో చోటు చూపించిన తరం కార్డులు మాత్రం వచ్చినవి వచ్చినట్టే కరిగిపోతాయి. ఇందులో ఎవరి దుర్మార్గమూ లేదు. వాటికి బరువు తప్ప ఇంకో విలువ ఉందని కొనేవాడెవడూ వచ్చి చెప్పలేదు.

మొండేల సంచీ నేలమీద బోర్లించి కూర్చున్నాం, నేనూ మా వాడూ. చిప్పుల మీది రాతలు ఫోన్ లైటులో చదువుకుంటూ పోయాం. మోడెములు, సౌండ్ కార్డులు, ప్రింటర్ పోర్టు కార్డులు, నెట్‌వర్క్ కార్డులు. జిస్ట్ కార్డు లేదు. అడుగున ఒకటి మాత్రం కోత తప్పించుకుని ఉంది. ట్రైడెంట్ 8900, ఐఎస్ఏ వీజీఏ కార్డు, పళ్ళతో సహా. ఎంతని అడిగాను. కాటా మీద పెట్టబోయారు.

"బరువు చూడకండి, కార్డుగా ధర చెప్పండి" అన్నాను.

ఆయన కాసేపు ఆలోచించారు. "మా దగ్గర అట్లా లెక్కలేదు భాయ్. మీరే చెప్పండి."

చెప్పాను. ఇవ్వాల్సినదానికంటే ఎక్కువే ఇచ్చాను. ఇకమీదట పళ్ళు కోయని లాంగ్ కార్డు వస్తే ఒక పక్కన పెట్టమని, ఫోటో పంపితే కార్డు లెక్కన కొంటానని నా నంబరిచ్చాను. "అన్నీనా?" అన్నారు. అన్నీ అన్నాను.

ఇక్కడ విడదీసిన బోర్డులు తర్వాత మొరాదాబాద్ వైపు వెళతాయి. ఇత్తడి సామానుకి పేరుపడ్డ ఆ ఊళ్ళో లోహం కరిగించే చెయ్యి తరతరాలది. రాంగంగ ఒడ్డున బోర్డులు కాల్చిన నల్లటి బూడిద మీద జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా కేసులు నడిచాయి. ఢిల్లీ అంచున మండోలీ లాంటి చోట్ల తీగలు కాల్చి రాగి తీయడం, ఆమ్లాల్లో ముంచి బంగారం తీయడం గురించి పత్రికలు ఎన్నో రాశాయి. వైరు మీది పీవీసీ కాలితే డయాక్సిన్లు పుడతాయి. ఆ గాలి మొదట పీల్చేది ఆ పనిచేసేవాళ్ళ పిల్లలే.

2022 నాటి ఈ-వేస్ట్ నిబంధనలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి. తయారుచేసిన కంపెనీయే పాతదాన్ని రీసైకిల్ చేయించే బాధ్యత మోయాలి, రీసైకిల్ చేసేవాళ్ళు నమోదు చేసుకోవాలి. బాగుచేసి మళ్ళీ వాడుకలో పెట్టేవాళ్ళకీ అందులో చోటిచ్చారు, కార్మికుల నమోదు, శిక్షణ మాట కూడా ఉంది. మంచిదే. కానీ ఆ మాట సీలంపూర్ గల్లీలోకి రావాలి. దాడిచేసి దుకాణాలకి సీలు వేస్తే ఆ పని ఇంకో లోపలి గల్లీకి, ఇంకా ఇరుకు గదికి పోతుంది తప్ప ఆగదు. విడదీయడం, ఏరడం వాళ్ళకి వదలాలి, కరిగించడం శుద్ధి యంత్రాలున్న కర్మాగారానికి పోవాలి. ఇది నా ఒక్కడి ఊహ కాదు, ఈ రంగంలో పనిచేసేవాళ్ళు ఎన్నాళ్ళుగానో అడుగుతున్నదే. ప్రపంచం 2022లో పారేసిన ఎలక్ట్రానిక్ సామాను 6.2 కోట్ల టన్నులని, అందులో పద్ధతి ప్రకారం సేకరించి రీసైకిల్ చేసినట్టు లెక్క తేలింది 22.3 శాతమేనని గ్లోబల్ ఈ-వేస్ట్ మానిటర్ చెప్పింది. మిగిలినదాన్ని మోస్తున్న చేతుల్లో ఆ వాకిట్లో నేను చూసిన చేతులూ ఉన్నాయి.

తిరుగు రైల్లో బల్హార్షా దాటి తెలుగు మాటలు చెవినపడేసరికి ఇంకో ఆలోచన వచ్చింది. ఐబీఎం 1978లో దేశం విడిచిపోయింది. అంతకు చాలా ముందే హైదరాబాద్‌లో ఈసీఐఎల్ సొంతంగా కంప్యూటర్లు తయారుచేసింది. 1967లో పుట్టిన ఆ సంస్థని నిలబెట్టింది మన తెలుగువాడైన ఏ.ఎస్.రావు. టీడీసీ-12, టీడీసీ-316 ఆ ఊరి యంత్రాలే. ఏ.ఎస్.రావు నగర్‌లో ఇల్లు కట్టుకున్నవాళ్ళలోనూ ఆ యంత్రాలు చూసినవాళ్ళు ఎందరుంటారు? పాత ఆలయంలో రాయి కదిలితే పత్రికల్లో వార్త వస్తుంది, రావాలి కూడా. మన భాషని తెరమీద వెలిగించిన కార్డు కేజీల లెక్కన పోతే మాత్రం ఎవరికీ పట్టడంలేదు. నాకు ఇది భరించరాని విషయం.

చిక్కడపల్లి ప్రెస్సులో 865 బోర్డు బిగించాం. ఎక్స్‌పీ లేచింది, పేజ్‌మేకర్ తెరుచుకుంది. పాత ఐడీఈ డిస్క్‌లోని ఫైళ్ళన్నీ ఎస్‌ఎస్‌డిలోకి ఒకటి, బయటి డిస్క్‌లోకి ఒకటి చొప్పున రెండు ప్రతులు తీశాం. టీ420 ఇప్పుడు మా వీధి గ్రంథాలయంలో ఉంది.

చదువుతున్న మీకో విన్నపం. ఇంట్లో పాత ల్యాప్‌టాప్ ఉంటే అమ్మేముందు వెనక మూత విప్పించి చూడండి. ఎస్‌ఎస్‌డి, కాస్త ర్యామ్ వేస్తే ఇంకొకరికి చదువుకోవడానికి పనికొస్తుంది. ఇవ్వక తప్పకపోతే డిస్క్ తుడిచి, పగలగొట్టకుండా, నమోదైన సేకరణ కేంద్రానికి మొత్తంగా ఇవ్వండి. పాత పత్రికాఫీసుల్లో, ప్రెస్సుల్లో, పంచాయతీ రికార్డు గదుల్లో, విశ్వవిద్యాలయాల తెలుగు శాఖల బీరువాల్లో 1990ల నాటి కంప్యూటర్ ఇంకా మూలనుంటే దాన్ని తూకానికి వేయకండి. లోపల పొడుగాటి కార్డు మీద జిస్ట్ అనో, సీ-డ్యాక్ అనో రాసి ఉందేమో చూడండి. ఉంటే రెండు వైపులా ఫోటో తీయండి, అంచు పళ్ళని చేత్తో తాకకండి, దాంతోపాటు ఉన్న ఫ్లాపీలనూ తెలుగు అక్షరాలు అంటించిన కీబోర్డునూ విడదీయకండి. పార్క్ లేన్‌లో సీటీసీ కింద పాత సామాను అమ్మే ఏ దుకాణంలోనైనా జిస్ట్ కార్డు దొరికిందని ఒక్కమాట చెప్పండి చాలు. నాకు కబురందుతుంది.